పరిశోధన ఫైళ్ల దాకా వెళ్లాలి

సంపాదకులకు,

సింగరేణి బొగ్గు గనుల సంస్థలో రాష్ట్రానికి 51 శాతం, కేంద్రానికి 49 శాతం వాటా ఉంది. దాని గనులు భూపాలపల్లిలోనూ ఉన్నాయి. ఉత్తర తెలంగాణ విద్యుత్ పంపిణీ సంస్థ ప్రధాన కార్యాలయం హన్మకొండలోనే ఉంది. ఇలాంటి ప్రభుత్వరంగ సంస్థల నిర్వహణపై పరిశోధన ప్రశ్నావళులు నింపించడంతో ఆగిపోకూడదు. ఒక దరఖాస్తు ఇన్‌వార్డు రిజిస్టరులో నమోదైన తేదీ నుంచి చివరి సంతకం పడే దాకా ఏ సెక్షన్‌లో ఎన్ని రోజులు ఆగిందో, ఏ కొర్రీతో వెనక్కి వచ్చిందో పరిశోధకులు స్వయంగా చూసి రాస్తేనే, జాప్యానికి మూలం సిబ్బంది నిర్లక్ష్యమా, ఖాళీ పోస్టులా, నిర్ణయాధికారం కిందిస్థాయికి ఇవ్వకపోవడమా అన్నది తేలుతుంది. చాలాచోట్ల మూడోదే అసలు కారణమని నా అభిప్రాయం. నింద మాత్రం గుమస్తా మీదే పడుతుంది. ఇక్కడి కాకతీయ విశ్వవిద్యాలయ పరిశోధకులకు రికార్డులు చూసే అనుమతిని సంస్థలే చొరవ తీసుకొని ఇవ్వాలని, అధ్యయనాల సారాంశం తెలుగులో ఆయా కార్యాలయాలకు చేరాలని కోరుతున్నాను.

– ఒక పాఠకుడు, హన్మకొండ