పైవాళ్ల మాట కాదన్న బెరెగాండ్

సంపాదకులు గారికి,

'పైనుంచి చెప్పారు, చేశాం' అని చేతులు దులుపుకునే అధికారుల మీద మీరు రాసిన సంపాదకీయం చదువుతుంటే ఇంగ్లిష్ రచయిత టోల్కీన్ కథలోని ఒక చిన్న పాత్ర గుర్తొచ్చింది. పేరు బెరెగాండ్. 1955లో వచ్చిన 'ది రిటర్న్ ఆఫ్ ది కింగ్'లో మినాస్ తిరిత్ కోటకు కాపలా కాసే మామూలు సైనికుడు. 2003లో వచ్చిన సినిమాలో ఇతన్ని పూర్తిగా తీసేశారు. అందుకే చాలామందికి తెలియదు.

శత్రువులు ముట్టడించిన వేళ పాలకుడు డెనెథార్‌కు మతి చలించింది. జ్వరంతో స్పృహ లేకుండా పడివున్న కొడుకు ఫారమిర్‌ను తనతోపాటు పూర్వీకుల సమాధి మందిరంలో చితి మీద కాల్చేయమన్నాడు. నౌకర్లు కాగడాలు తెచ్చారు. వాళ్లేమీ దుర్మార్గులు కారు, దొర చెప్పింది చేస్తున్నారంతే. అనుమతి లేకుండా కాపలా వదిలితే మరణశిక్ష అని తెలిసీ బెరెగాండ్ అక్కడికి పరుగెత్తాడు. అడ్డొచ్చిన ముగ్గురిని చంపి, గుమ్మంలో ఒక్కడే నిలబడ్డాడు. మిగతావాళ్లు అతన్నే ద్రోహి అని తిట్టారు. ఫారమిర్ బతికాడు. చనిపోయిన ముగ్గురూ విధేయులే కదా అన్న బాధ మాత్రం నన్ను వదలదు.

యుద్ధం ముగిశాక తీర్పు చెప్పాల్సింది కొత్త రాజు అరగార్న్. కాపలా వదలడం, సమాధుల పవిత్రస్థలంలో రక్తం చిందించడం నేరాలేనని ముందు తేల్చాడు. అయితే యుద్ధంలో చూపిన ధైర్యానికి, అంతకుమించి ఫారమిర్ మీద ప్రేమతోనే ఇదంతా చేసినందుకు శిక్ష రద్దు చేశాడు. కోట కొలువు, నగరం మాత్రం వదిలి వెళ్లాలన్నాడు. బెరెగాండ్ ముఖం పాలిపోయింది. తీరా పంపిందెక్కడికంటే, ఫారమిర్ రక్షక దళానికి నాయకుడిగా! ట్రాన్స్‌ఫర్ అంటే అలా ఉండాలి.

మన అధికారులను అంత సాహసం ఎవరూ అడగడం లేదు. ఐఏఎస్, ఐపీఎస్ లాంటి అఖిల భారత సర్వీసుల 1968 నాటి ప్రవర్తనా నియమాల ప్రకారం పైఅధికారి ఆదేశం మామూలుగా రాతపూర్వకంగానే ఉండాలి. నోటిమాటగా చెప్పక తప్పకపోతే ఆ వెంటనే రాసివ్వాలి. కింది అధికారి కూడా అడిగి రాయించుకోవాలి. అడిగితే ప్రాధాన్యం లేని లూప్‌లైన్ పోస్టే గతి అన్న భయంతో ఎంతమంది నోరు మూసుకుంటున్నారో! ధైర్యం చేసి అడిగినవాళ్లు ఆ తర్వాత ఏ పోస్టుల్లో తేలారో మీ విలేకరులు ఆరా తీసి రాయాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకుడు, తెనాలి