గ్యాస్ పైప్ బేరం మాకూ చెప్పండి

ఎడిటర్ గారికి నమస్కారం,

మా బెంగళూరు మారతహళ్లి వైపు వంటగ్యాస్ పైప్‌లైన్ వేస్తామని ఒక కంపెనీ వచ్చింది, రోడ్లు తవ్వడానికి కార్పొరేషన్ వాళ్లతో బేరాలు నడుస్తున్నాయంట. పైప్ గ్యాస్ వద్దనట్లేదండీ, సిలిండర్ కోసం ఎదురుచూసే బాధ పోతుంది, పైగా ఇది గాలికంటే తేలిక, లీకైనా సిలిండర్ గ్యాస్‌లా నేలమీద పేరుకోదు.

కానీ పోయినేడు వేరే పైపుల కోసం మా వీధి తవ్వి మట్టి కప్పేసి పోయారు, మొదటి వానకే కుంగిపోయింది, టిఫిన్ బండాయన పాపం ఒక చెక్క అడ్డం వేస్తే మా అమ్మ దానిమీద జారిపడి చెయ్యి విరిగింది. అడిగితే ఆఫీసు వాళ్లు కంపెనీని చూపించారు, కంపెనీ కాంట్రాక్టర్ని చూపించింది. అందుకే రోడ్డు బాగుచేసే డబ్బు ఈసారి ముందే కట్టించుకోవాలి.

మాది కోనసీమ. 2014 జూన్ 27 తెల్లారుజామున మామిడికుదురు దగ్గర నగరం ఊళ్లో గ్యాస్ పైప్ పేలి 20 మందికి పైగా చనిపోయారు, నిలువునా మాడిపోయిన కొబ్బరిచెట్లు ఇంకా కళ్లముందే ఉన్నాయి. వీధి లైన్లలో ప్రెజర్ దానికంటే చాలా తక్కువని తెలుసు, అయినా పైప్ ఎంత లోతులో పోతుంది, వాల్వ్ ఎక్కడుంది, అర్ధరాత్రి వాసనొస్తే ఫోన్ ఎత్తేదెవరు, ఇవన్నీ అగ్రిమెంట్లో రాయించండి. సంతకాలు కాకముందే ఆ కాగితం వార్డు ఆఫీసులో అంటించండి, మేమూ చదువుకుంటాం.

ఇట్లు,
ఒక పాఠకుడు, మారతహళ్లి