మిరప విత్తనానికి మూడు వారాలు ఆగాలి

సంపాదకులకు నమస్కారం.

ఇంటి తోటల పేజీలో మిరప విత్తనాల మీద మీరు వేసిన వ్యాసం చదివాను. విత్తనం ఇంట్లోనే దాచుకోమని చెప్పడం చాలా బాగుంది. కానీ పచ్చిమిరపకాయ చీల్చి గింజలు తీసి ఎండలో పెట్టండి, వారంలో మొలకలు వస్తాయి అని ఒక్క ముక్కలో తేల్చేశారు, దయచేసి దాన్ని సరిచేయండి. మొదటి ఏడాది నేనూ అలాగే అనుకుని పదో రోజున కుండీలో మట్టిని పెరట్లో ఒక మూల పారబోశాను, ఇంకో రెండు వారాలకు అక్కడే నాలుగు మిరప మొక్కలు లేచాయి.

అసలు విషయం కాయ దగ్గరే ఉంది. పచ్చికాయలో గింజ ఇంకా ముదరదు, ఒకటీ అరా మొలిచినా బలం ఉండదు. క్యాప్సికం కూడా అంతే, ఆకుపచ్చగా ఉందంటే అది పండని కాయే. తెగులు లేని మంచి మొక్క చూసుకుని రెండు మూడు కాయలు విత్తనానికి వదిలేయాలి, అవి చెట్టు మీదే పూర్తిగా రంగు తిరిగి కాస్త మెత్తబడాలి. ఆకులు మచ్చలు మచ్చలుగా మారే మొజాయిక్ తెగులు సోకిన మొక్క జోలికి మాత్రం పోవద్దు, కొన్ని వైరస్‌లు గింజ పైపొర మీదే అంటుకుని వచ్చేస్తాయి.

ఇంకో మాట, మిరప పువ్వు తనంతట తానే కాయ కడుతుంది గానీ తేనెటీగలు పక్క మొక్క పుప్పొడి కూడా తెస్తాయి. ఘాటు మిరప పక్కన పెరిగిన క్యాప్సికం ఈసారి తియ్యగానే ఉంటుంది, దాని గింజల నుంచి వచ్చే మొక్కల్లో ఘాటు రావచ్చు. అందుకే మొగ్గ విచ్చకముందే పల్చటి గుడ్డ సంచి కట్టి, పిందె పడ్డాక సంచి తీసి ఆ కాయకు దారం ముడి వేస్తాను. హైబ్రిడ్ రకమైతే ఎంత జాగ్రత్త పడినా తల్లి మొక్కలా రాదు, ఈ సంగతి వ్యాసంలో ముందే చెప్పాల్సింది.

గింజలు తీసేటప్పుడు చేతులకు తొడుగులు వేసుకోండి, ఘాటంతా గింజలు పట్టుకుని ఉండే ఆ తెల్లటి కండలోనే ఉంటుంది. ఎండలో వద్దు, నీడన గాలి తగిలే చోట పళ్లెంలో పల్చగా పరిచి రోజూ ఒకసారి కలపండి, వారం పది రోజులు పడుతుంది. గింజను వేళ్ల మధ్య వంచి చూడండి, వంగిందంటే ఇంకా తడి ఉన్నట్టే, టప్పున విరిగితే ఆరినట్టు. కాగితం కవర్లో వేసి, రకం పేరూ ఏడాదీ రాసి, గాలి చొరబడని సీసాలో చల్లగా ఉన్నచోట పెడితే రెండు మూడేళ్లు ఆగుతాయి.

మొలకెత్తడానికి కావలసింది వెచ్చదనం. మట్టి 25 నుంచి 30 డిగ్రీలు ఉంటే కొన్ని పది రోజుల్లోనే వస్తాయి, కొన్ని మూడు వారాలు తీసుకుంటాయి, బాగా ఘాటైన రకాలు నెల కూడా పట్టొచ్చు. 20 కంటే తగ్గితే ఇంకా ఆలస్యం. టెన్షన్ పడి రోజూ నీళ్లు పోస్తే గింజ కుళ్లుతుంది, మొలిచినా నారుకుళ్లు వచ్చి మొదట్లోనే వాలిపోతుంది. అర సెంటీమీటరు లోతులో వేసి, తేమ ఆరకుండా చూస్తే చాలు.

మొదట తెల్లటి కాడ ఉంగరంలా వంగి మట్టిలోంచి పైకి లేస్తుంది. ఒక్కోసారి గింజ తొక్క ఆకుల కొసను పట్టుకుని ఊడదు, దాన్ని లాగితే ఆకులు తెగి మొలక చచ్చిపోతుంది. దాని మీద ఒక నీటి చుక్క వేసి సాయంత్రం దాకా వదిలేయండి, మెత్తబడి చాలాసార్లు అదే రాలిపోతుంది.

ఇట్లు,
మీ పాఠకురాలు