బస్ షెల్టర్ కట్టించడం ఎంపీ పనా?

సంపాదకులకు నమస్కారం.

మా వీధి చివర ఒక బస్ షెల్టర్ ఉంది. రేకు కింద నలుగురు నిలబడితే ఐదో మనిషికి ఎండే, సిమెంటు బల్ల ఒక పక్క విరిగి ఇనుప చువ్వ బయటికొచ్చింది, 'ఎంపీ నిధులతో' అన్న బోర్డు మాత్రం చెక్కుచెదరలేదు. మొన్న ఆ బల్ల సంగతి మున్సిపాలిటీలో అడిగితే 'అది ఎంపీ గారు కట్టించింది కదండీ' అన్నారు. ఎంపీ గారి ఆఫీసుకు ఫోన్ చేస్తే 'కట్టి అప్పగించేశాం, ఇక మున్సిపాలిటీదే' అన్నారు. సరే.

అసలు చట్టాలు చేయమని, ప్రభుత్వాన్ని నిలదీయమని ఢిల్లీ పంపిన మనిషికి బస్ షెల్టర్‌తో పనేంటి? ఎంపీలు తమ ప్రాంతంలో పనులకు సిఫారసు చేసే ఈ నిధుల పథకం, ఎంపీల్యాడ్స్, 1993 డిసెంబర్‌లో, మన పీవీ గారు ప్రధానిగా ఉండగా మొదలైంది. మొదట ఒక్కో ఎంపీకి 5 లక్షలు, ఇప్పుడు ఏడాదికి 5 కోట్లు. తమాషా ఏంటంటే పంచాయతీలకు, మున్సిపాలిటీలకు రాజ్యాంగ హోదా ఇచ్చిన 73, 74 రాజ్యాంగ సవరణలు అమల్లోకి వచ్చిందీ అదే ఏడాది. మున్సిపాలిటీలకు అప్పగించదగ్గ పనులంటూ 12వ షెడ్యూల్లో రాసిన జాబితాలో వీధి దీపాలతో పాటు బస్ స్టాపులు కూడా ఉన్నాయి!

సుప్రీంకోర్టు 2010లో ఈ పథకాన్ని సమర్థించిన మాట నిజమే. ఎంపీ సిఫారసు మాత్రమే చేస్తారు, మంజూరు చేసేది జిల్లా అధికారులు అని. కాగితం మీద అంతే, కానీ అధికార పార్టీ ఎంపీ ఉత్తరం రాశాక కుదరదన్న కలెక్టర్‌ని నేనైతే చూడలేదు. ప్రభుత్వ లెక్కలు తనిఖీ చేసే కాగ్ ఆడిట్ ఉంది, ఉభయ సభల్లో కమిటీలూ ఉన్నాయి, ఆ కమిటీల్లో కూర్చునేదీ మళ్లీ ఎంపీలే. ఖర్చు లెక్కలు అడగాల్సినవాళ్లకే ఖర్చుపెట్టే పని అప్పగిస్తే ఇక గట్టిగా అడిగేదెవరు? వీరప్ప మొయిలీ నాయకత్వంలోని పరిపాలనా సంస్కరణల సంఘం ఎంపీ, ఎమ్మెల్యే నిధులు రెండూ ఎత్తేయమని 2007లోనే చెప్పింది. ఎవరు విన్నారు?

ఏటా బడ్జెట్ సమావేశాల్లో చాలా శాఖల పద్దులు చర్చే లేకుండా గిలెటిన్‌తో (టైమ్ అయిపోయిందని మిగిలినవన్నీ కలిపి ఓటుకు పెట్టేయడం) ఒక్క ఊపులో పాసైపోతుంటాయి. మన ఎంపీలు కూర్చుని మాట్లాడాల్సింది అక్కడ. ఈ 5 కోట్లేవో నేరుగా పంచాయతీలకు, మున్సిపాలిటీలకు ఇచ్చేస్తే, కనీసం ఆ చువ్వ ఎవరి పిల్లలకైనా గుచ్చుకోకముందే ఎవర్ని పట్టుకోవాలో మాకు తెలుస్తుంది.

- ఒక పాఠకుడు