ఆ మేడలకు డబ్బు తెచ్చినవాళ్ళ గురించి కూడా రాయండి

సంపాదకుడి గారికి,

పోయిన ఆదివారం అనుబంధంలో అమెరికాలోని లూసియానా ప్లాంటేషన్ల, అంటే పాతకాలపు పెద్ద తోటల, మేడల మీద రెండు పేజీలు వేశారు. ఓక్ చెట్ల వరసలు, తెల్ల స్తంభాలు, పెళ్లి ఫొటోలకు భలే చోటు అట. బానిసలు అన్న మాట కోసం వెతికితే ఒక్కచోట దొరికింది, అదీ ఒక ఫొటో కింద. ఆ మేడలకి డబ్బు తెచ్చిన చెరకు నరికింది వాళ్ళే కదండీ!

నేనూ ఆ మేడలు చూద్దామనే వెళ్ళాను, అబద్ధమెందుకు. పోయినేడాది హ్యూస్టన్‌లో అమ్మాయి దగ్గరున్నప్పుడు అల్లుడు న్యూ ఆర్లీన్స్ తీసుకెళ్ళాడు, అమ్మాయేమో పట్టుబట్టి కారు విట్నీ ప్లాంటేషన్‌ వైపు తిప్పించింది. మిసిసిపీ ఒడ్డున వాలెస్ దగ్గర ఉంటుంది. 1752లో ఒక జర్మన్ వలస కుటుంబం మొదలుపెట్టిన తోట, ముందు నీలిమందు, తర్వాత చెరకు. జాన్ కమ్మింగ్స్ అనే తెల్ల లాయరు 1999లో కొని, సొంత డబ్బు పోసి, సెనెగల్ చరిత్రకారుడు ఇబ్రహీమా సెక్‌ని తోడు పెట్టుకుని 2014 డిసెంబరులో మ్యూజియంగా తెరిచాడు. అక్కడ కథంతా బానిసలదే, యజమానుల వైభవం కాదు. గోడల నిండా పేర్లు. ఆ ఒక్క పారిష్‌లో, అంటే మన జిల్లా లాంటి దాంట్లో, మూడేళ్ళు నిండకుండా పోయిన 2,200 మంది పిల్లల పేర్లు ఒకచోట రాతి మీద చెక్కారు. 1811లో తిరగబడిన బానిసల తలలు నరికి కరకట్ట వెంబడి కర్రలకి గుచ్చారట, ఆ తలల బొమ్మలూ ఉన్నాయి. చిన్నపిల్లలతో వెళ్ళేవాళ్ళు కాస్త చూసుకోండి.

నన్ను కదలకుండా నిలబెట్టింది మాత్రం తుప్పు పట్టిన ఇనప పెనాలు. మాది అనకాపల్లి దగ్గర పల్లె, మా తాతగారు బెల్లం వండించేవారు, గానుగ దగ్గర ఆకు మీద వేడి పాకం పోయించుకుని చప్పరించడం మాకు పండగ. కాబట్టి అవేమిటో ఎవరూ చెప్పక్కర్లేకపోయింది. పెద్ద పెనంలో మరిగిన రసాన్ని పొడుగు గరిటెలతో తోడి పక్కనున్న చిన్నదాంట్లో, అందులోంచి ఇంకా చిన్నదాంట్లో పోసేవాళ్ళట, చెరకు కోత రోజుల్లో రాత్రీ పగలూ అదే పని. మా నాన్నమ్మ మణికట్టు మీద పాకం చుక్క పడిన మచ్చ ఆవిడ పోయేదాకా ఉంది. ఒక్క చుక్కది! అక్కడ నిద్రకి తూలితే ఏమయ్యేదో నేను చెప్పక్కర్లేదు.

ఇంతకీ మన సంగతి. మారిషస్‌లో 1835లో బానిసత్వం తీసేశాక అక్కడి చెరకు తోటలకి కూలీలు కావాల్సొచ్చి మన కోరంగి రేవు నుంచి కూడా ఓడలెక్కించారు. వాళ్ళు బానిసలు కాదు, ఒప్పందం కూలీలు, కాగితం మీద జీతమూ గడువూ ఉండేవి, రెండూ ఒకటేనని నేననను. కానీ పని అదే, పంటా అదే. వాళ్ళలో చాలామంది దిగిన పోర్ట్ లూయిస్‌లోని అప్రవాసీ ఘాట్‌ని 2006లో యునెస్కో వారసత్వ స్థలంగా గుర్తించింది. కోరంగి మడ అడవికి నేను నాలుగైదుసార్లు వెళ్ళాను. పడవతను నీటికుక్కల గురించి చెప్పాడు, పిట్టల గురించి చెప్పాడు, ఓడల మాట ఎత్తలేదు. నేనూ అడగలేదనుకోండి.

మారిషస్‌లో మోకాలోని మహాత్మా గాంధీ ఇన్‌స్టిట్యూట్‌లో ఆ కూలీల రిజిస్టర్లు దాచారు. మేడల మీద రెండు పేజీలు వేసినవాళ్ళు వీటి మీద ఒక్క పేజీ వేయలేరా? మన తీరం నుంచి వెళ్ళినవాళ్ళ పేర్లు, ఊళ్ళు ఆ గుమాస్తాలు ఎలా రాసుకుంటే అలాగే, తప్పులు దిద్దకుండా వేయండి. ఏ ఊరో మేం పోల్చుకుంటాం.

– ఒక పాఠకురాలు, కాకినాడ