యూరప్ ఫైల్‌లో మేం చేసిన తప్పు, ఇకనుంచి మా పద్ధతి

అందరికీ నమస్కారం. గ్వాంగ్‌జౌలో మా వీసా షాపుకు వచ్చేవాళ్లలో చైనా అమ్మాయిని చేసుకున్న మన తెలుగు కుర్రాళ్లే ఎక్కువ. అందుకే తెలుగులో రాస్తున్నాను.

పోయిన నెల మా వల్ల ఒక కుటుంబం ఇబ్బంది పడింది. అల్లుడు మనవాడు, అత్తమామలు చైనావాళ్లు, ప్రయాణం పారిస్‌కి. వీసా సెంటర్‌లో అత్తమామల ఫైల్ తీసుకోలేదు. కారణం హుకోవ్, అంటే ఇంటి రిజిస్టర్. మన రేషన్ కార్డు లాంటిదే అనుకోండి, కాకపోతే ఇది పుస్తకం, మనిషికో పేజీ. మా షాపు కుర్రాడు వాళ్లిద్దరి పేజీలే జిరాక్స్ తీశాడు. మొదటి పేజీతో సహా రాత ఉన్నవన్నీ కావాలి. వాడిననేం లాభం, చూసి పంపాల్సింది నేను. పుస్తకమేమో ఊళ్లో బీరువాలో ఉంది. అది తెప్పించి, మళ్లీ స్లాట్ దొరికేసరికి టికెట్లు మార్చుకోవాల్సి వచ్చింది. మా ఛార్జీ మొత్తం, టికెట్ల మార్పు ఖర్చులో సగం వాళ్లకు ఇచ్చేశాను.

ఇకనుంచి హుకోవ్ పుస్తకం నా బల్ల మీదకొచ్చాకే స్లాట్ బుక్ చేస్తాను. ఉద్యోగస్తులైతే కంపెనీ లెటర్‌తోపాటు, ఎర్ర ముద్ర వేసిన బిజినెస్ లైసెన్స్ కాపీ కూడా ముందే తేవాలి. మామగారి ఖాతాలో ముందు రోజు లక్ష యువాన్లు వేసి స్టేట్‌మెంట్ తెస్తే మాత్రం నేను తీసుకోను. ఖర్చు మీరే పెట్టుకుంటుంటే దాచడమెందుకు, ఆ మాటే వీసా ఆఫీసుకిచ్చే లెటర్‌లో రాద్దాం.

షెంగెన్, అంటే చాలా యూరప్ దేశాలకు కలిపి ఇచ్చే వీసా. దాని ఫీజు పెద్దవాళ్లకు 90 యూరోలు, వీసా రాకపోయినా తిరిగి రాదు. 30,000 యూరోల ఇన్సూరెన్స్ తప్పనిసరి. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచే అప్లై చేయొచ్చు, ఆఖరి పదిహేను రోజుల్లో పరుగెత్తుకొస్తే నేనేం చేయలేను. వీసా వస్తుందని గ్యారంటీ కూడా ఇవ్వను.

సింగపూర్, మలేసియా, థాయిలాండ్‌లకు చైనా పాస్‌పోర్ట్‌తో 30 రోజుల వరకు వీసా అక్కర్లేదు. ఆన్‌లైన్ అరైవల్ కార్డు నింపాలి, అది ఉచితం. దానికి మా దగ్గర ఛార్జీ లేదు. అన్నట్టు, సింగపూర్‌కు మీ ఆవిడకు వీసా అక్కర్లేదు గానీ ఇండియా పాస్‌పోర్ట్ ఉన్న మీకు కావాలి!

సంక్రాంతికి అత్తమామల్ని మన ఊరు తీసుకెళ్తామని అడుగుతున్నవాళ్లకు: చైనావాళ్లకు ఇండియా టూరిస్ట్ వీసాలు 2025 జూలై 24 నుంచి మళ్లీ మొదలయ్యాయి. ఫారం ఆన్‌లైన్‌లో నింపి, అపాయింట్‌మెంట్ తీసుకుని స్వయంగా వెళ్లి ఇవ్వాలి. సెంటర్ ఇక్కడ గ్వాంగ్‌జౌలో కూడా ఉంది. ఆ ఫైళ్లకూ హుకోవ్ పుస్తకం తెచ్చుకోండి, ఒకసారి చూసి పెట్టుకుంటాను.