షాబాద్ బండ మీది తెల్ల మచ్చ

నల్లగొండ,
పెత్రమాసకు ముందటి ఆదివారం.

కొడుకా,

మీ ఇంటి నుంచి వచ్చి పది రోజులైంది. ఈ సంగతి ఫోన్లో చెబుదామని రెండుసార్లు చేశాను. ఒకసారి నువ్వు మీటింగ్ ఉందన్నావు, ఇంకోసారి నేనే ధైర్యం చాలక కూర ఏం వండారని అడిగి పెట్టేశాను. అందుకే కాగితం పట్టుకున్నా. కోడలికి చూపిస్తావో లేదో నీ ఇష్టం.

ఆ రోజు చిన్నది పాల గ్లాసు ఒలకబోసింది చూడు. నువ్వు సోఫాలో లాప్‌టాప్ పెట్టుకుని కూర్చున్నావు. నువ్వు ఒక్క మాట కూడా అనలేదు, అది నిజమే. కానీ నేను చిన్నదాన్నే చూస్తున్నా. గ్లాసు పడగానే అది పాల దిక్కు చూడలేదు, తడిసిన గౌను దిక్కూ చూడలేదు. ముందు నీ ముఖంలోకి చూసింది. నాలుగేళ్ల పిల్ల! తర్వాత తానే పోయి గుడ్డ తెచ్చి, తుడవబోయి పాలను సోఫా కిందిదాకా పామింది. నువ్వు లేచి దాని చేతిలో గుడ్డ తీసుకుని రెండుసార్లు తుడిచావు. మళ్లీ మాపు తెచ్చి మూడోసారి తుడిచావు. కోడలు వంటింట్లో నుంచి తొంగి చూసి, ఏం మాట్లాడకుండా లోపలికి పోయింది.

పిల్ల చూసిన ఆ చూపు నాకు తెలుసురా. ముప్పై ఏళ్ల కింద ఇదే ఇంట్లో నువ్వు నన్ను అట్లనే చూసేవాడివి.

మన ముందటి గదిలో టీవీ స్టాండు ఎందుకు ఆ మూలకే ఉంటుందో నీకు తెలుసా? దాని కింద జానెడు తెల్ల మచ్చ ఉంది. అప్పుడు నీకు అయిదేళ్లు. దసరాకు మీ మేనత్త వాళ్లు వస్తున్నారని రెండు రోజుల నుంచి ఇల్లు కడుగుతున్నా. నువ్వు మామిడికాయ తొక్కు గిన్నె పట్టుకుని ఉరుకుతూ ఉరుకుతూ అక్కడ పడేశావు. నూనె, కారం కలిసి బండలోకి ఇంకిపోయింది. నీ వీపు మీద రెండు వేసి, సబ్బు పెట్టి రుద్దా, సర్ఫు పోసి రుద్దా, పోలేదు. బాత్రూం కడిగే యాసిడ్ సీసా తెచ్చి పోశాను. బుసబుసమని నురగ పొంగింది. అబ్బ, మురికంతా ఎట్లా పైకి వస్తుందో చూడమని మీ నాయనను పిలిచి మరీ చూపించా. ఇంకొంచెం పోశా.

ఆరినాక చూస్తే తొక్కు మరక లేదు, బండ నునుపూ లేదు. తెల్లగా పాలిపోయి, అరచేత్తో రాస్తే గరుకు. సున్నాలు వేయడానికి వచ్చిన మేస్త్రీ చూసి నవ్వాడు. షాబాద్ బండంటే సున్నపురాయే కదమ్మా, యాసిడ్ పోస్తే కరగదా అన్నాడు. నేను మురికి అనుకున్న నురగ బండదే. నూనె మరక మీద కొంచెం సుద్ద పొడో శనగపిండో చల్లి రాత్రంతా వదిలేస్తే చాలావరకు పీల్చుకునేదట. గరుకైనందుకు అప్పటి నుంచి గదిలోని దుబ్బంతా ఆ మచ్చలోనే పట్టుకోవడం మొదలైంది. టీవీ స్టాండు దాని మీదకు జరిపాను.

నువ్వు హైస్కూలుకు వచ్చాక నీ దోస్తులు గేటు బయట నిలబడి సైకిల్ బెల్లు కొట్టేవాళ్లు. ఒక్కడూ లోపలికి రాడు. ఎంత మర్యాదగల పిల్లలో అని మీ పెద్దమ్మతో గొప్పగా చెప్పుకున్నా. మీ నాయన బత్తాయి తోట నుంచి ఎర్రమట్టి కాళ్లతో వస్తే అరుగు మీదే చాయ్ ఇచ్చేదాన్ని. ఆయన దోస్తులకూ అక్కడే. తర్వాత తర్వాత వాళ్లందరూ చౌరస్తా దగ్గర హోటల్లో కలుసుకోవడం మొదలుపెట్టారు. ఇల్లు అద్దంలా ఉండేది. అందరూ అట్లనే అనేవాళ్లు, గుమ్మం దగ్గర నిలబడి.

మా అత్తమ్మ, అంటే మీ నాయనమ్మ, వేరే తీరు. ఆమెది మట్టి ఇల్లు. పొద్దున్నే వాకిలి ఊడ్చి పేడనీళ్ల సాన్పి చల్లి ముగ్గేసేది. పండుగకు గోడ అంచులకు జాజు పూసేది. సాయంత్రానికి మేకలు, పిల్లలు, చుట్టాలు తొక్కి ముగ్గు ఆనవాలు లేకుండా చేసేవాళ్లు. మరుసటి రోజు మళ్లీ వేసేది. ముగ్గు తొక్కినందుకు ఆమె ఎవరినైనా కసురుకోగా నేను వినలేదు.

ఇదంతా చదివి ఇల్లు ఊడ్వడం మానేయకు. శుభ్రం అక్కర్లేదని నేనెట్లా అంటాను? కాకపోతే నువ్వు పట్టుకున్నది అక్కరలేని కొస. మా అమ్మగారి ఊరు మర్రిగూడ దిక్కు, నీకు తెలుసు. ఆ బోరు నీళ్లు గ్లాసులో పోస్తే తేటగా మెరిసేవి. ఆ నీళ్లే తాగి మనుషుల పళ్లు పచ్చబడ్డాయి, ఎముకలు వంగిపోయాయి. లీటరుకు 1.5 మిల్లీగ్రాములకు మించి ఫ్లోరైడ్ ఉండొద్దు. ఉన్నా కంటికి కనిపించదు, కాచినా పోదు. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ కలిపి తేర్చి దాన్ని తీసే పద్ధతిని నాగపూర్‌లోని నీరి అనే పర్యావరణ పరిశోధన సంస్థ వాళ్లు 1970ల్లో తయారుచేస్తే, దానికి మన నల్లగొండ పేరే పెట్టారు. మెరిసేదాన్ని చూసి నమ్మే అలవాటు మన జిల్లావాళ్లకైనా ఉండకూడదు కదా.

మీ ఇంట్లో నేను చూసిందేమిటో చెప్పనా? హాలు టైల్స్‌లో ముఖం కనిపిస్తుంది. గిన్నెలు తోమే స్క్రబ్బర్ మాత్రం సింకులో నీళ్లలో నానుతూ ఉంటుంది, వాసన కూడా వస్తుంది. రోజూ పిండి ఎండేచోట పెట్టు, పాతబడితే పారేయి. బాల్కనీలో కూలర్ ఉంది, అడుగున నాలుగు వేళ్ల నీళ్లు. డెంగీ దోమ గుడ్డు పెట్టిన వారం, పది రోజుల్లో కొత్త దోమ ఎగురుతుంది. నీళ్లు పారబోస్తే సరిపోదు, ఆ గుడ్లు తొట్టి గోడకు అతుక్కుని నెలల తరబడి ఎండినా బతుకుతాయి. బ్రష్షుతో గోడలు రుద్ది ఆరబెట్టాలి. ఫ్రిజ్ వెనక ట్రే కూడా తీసి చూడు. ఆదివారం ఉదయం 10 గంటలకు 10 నిమిషాలు అని 2020లో మున్సిపాలిటీ వాళ్లు ఊరంతా చెప్పింది దీని గురించే. ఈ పని, తాగే నీళ్ల బిందె కడగడం, తినేముందు చేతులు కడుక్కోవడం, ఈ మూడింటి దగ్గర నువ్వెంత గట్టిగా ఉన్నా నేను నీ పక్కనే ఉంటా.

కుళాయిల మీద తెల్లమరకల గురించి మీ ఇద్దరికీ మాటా మాటా పెరగడం రెండుసార్లు విన్నా. అది కోడలు కడగకపోవడం వల్ల కాదు. బోరు నీళ్లలో సున్నం ఎక్కువ, తడి ఆరినప్పుడల్లా అది అక్కడే మిగులుతుంది. వారానికోసారి నిమ్మరసంలో ముంచిన గుడ్డ కుళాయికి చుట్టి అరగంట ఉంచి కడిగేయి. నకిరేకల్ నిమ్మకాయలు రెండు డజన్లు పంపిస్తున్నా, పులిహోరకూ సరిపోతాయి. ఆ నిమ్మరసం షాబాద్ బండ మీద, పాలరాయి మీద మాత్రం పడనీయకు. ఎందుకో ఇప్పుడు నీకు తెలుసు. ఎవరో చెప్పారని వంటసోడా, వెనిగర్ కలిపి సింకులో పోస్తున్నావు. అది పులుపు, ఇది క్షారం, ఒకదాన్నొకటి చంపుకుని మిగిలేది దాదాపు ఉత్త నీళ్లే. నురగ చూసి సంబరపడటంలో నువ్వు నా కొడుకువే. బ్లీచింగ్ పౌడర్, యాసిడ్ మాత్రం ఎప్పుడూ, ఎప్పుడూ ఒకచోట కలపకు. క్లోరిన్ గ్యాస్ వస్తుంది, తలుపు వేసిన బాత్రూంలో ప్రాణం మీదకు వస్తుంది.

ఇంకో మాట. కోడలు తోమి బోర్లించిన గిన్నె నువ్వు మళ్లీ తీసి తోమడం చూశాను. పనమ్మాయి తుడిచిపోయాక వెనకాలే మాపు పట్టుకోవడం కూడా. కోడలి ఎదురుగా ఆ పని చేయకు కొడుకా. తొమ్మిది గంటలు ఆఫీసులో చేసి వచ్చిన మనిషి. నీకు గిన్నెలు అంత తళతళలాడాలంటే గిన్నెలు నీ వంతు తీసుకో, బాత్రూం ఆమె వంతు. ఎవరి వంతు పని వాళ్లకు నచ్చినట్టు చేసుకోవాలి, రెండోవాళ్లు అటు చూడొద్దు. మా కాలంలో మగవాళ్లు చీపురు ముట్టేవాళ్లు కాదు, నువ్వు ముడుతున్నావు, ఆ ఒక్కటి నాకు గర్వమే. అది కోడలి మీద కోపంగా మారకుండా చూసుకో.

చిన్నదానికి చేయి అందేచోట ఒక మేకు కొట్టి చిన్న గుడ్డ వేలాడదీయి. ఏదైనా ఒలికితే అది తుడుచుకుంటుంది. సోఫా కిందిదాకా పాముతుంది, పామనీ. అది పడుకున్నాక నువ్వు తుడుచుకో. రంగులు వేసుకోవడానికి పాత దుప్పటి ఒకటి పరిచి ఇయ్యి. అయిపోయాక నాలుగు కొసలు పట్టి దులిపితే పని తీరిపోతుంది.

బుధవారం పెత్రమాస, ఎంగిలిపూల బతుకమ్మ. మంగళవారం రాత్రికే వచ్చేయండి. మీ నాయన గునుగు, తంగేడు తెప్పిస్తానన్నాడు. ఎప్పుడూ పూలన్నీ అరుగు మీదే పోయించేదాన్ని, లోపల చెత్తవుతుందని. ఈసారి ముందటి గదిలోనే పోయిస్తా. గునుగు కాడలు కోస్తుంటే గింజలు ఇల్లంతా రాలుతాయి, రాలనీ. టీవీ స్టాండు గోడకు జరిపించా, మచ్చ బయటికి వచ్చింది. చిన్నది అడిగితే తొక్కు గిన్నె కథ నువ్వే చెప్పు. నీ వీపు మీద పడ్డ రెండు దెబ్బలు కూడా చెప్పు, దాచకు.

ఫ్యాన్లు మాత్రం అట్లనే ఉన్నాయి. మీ నాయన మోకాళ్లకు స్టూలు ఎక్కే ఓపిక లేదు. పాత దిండు కవర్లు రెండు తీసి పెట్టా. రెక్కకు కవరు తొడిగి బయటికి లాగితే దుబ్బంతా అందులోకే వస్తుంది, కింద మంచం మీద పడదు. వచ్చిన రోజు రాత్రి చేయకు, అన్నం తిని పడుకో. పొద్దున చేద్దువు.

మీ అమ్మ